కైండ్ ఆఫ్ బ్లూ మొదటి వైపు నా బాస్ గిటార్‌తో శ్రుతి కలవడం లేదు. ఆ బాసిస్టు గురించి కూడా ఎవరైనా చెప్పండి

కొత్తబాస్_కిరణ్
మూడు నెలలుగా బాస్ గిటార్ నేర్చుకుంటున్నాను. మా మేనమామ ఎనభైల్లో చికాగో నుంచి తెచ్చుకున్న ఎల్‌పీల్లో ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ జాజ్ రికార్డు కైండ్ ఆఫ్ బ్లూ ఉంది. దానితోపాటు వాయిద్దామని కూర్చుంటే మొదటి వైపు మూడు పాటలూ శ్రుతి కలవట్లేదు. ట్యూనర్ పెట్టి నాలుగు తీగలూ సరిచూసుకున్నాను, అయినా అంతే. పోనీ అర స్వరం తేడా అంటే అలా మార్చుకుని వాయించవచ్చు. అదీ కాదు, రెండు స్వరాల మధ్య ఎక్కడో ఉంది. రికార్డు తిప్పి రెండో వైపు వేస్తే చక్కగా కలిసిపోతోంది! మామయ్య ప్లేయర్ పాడైందా, నా చెవిలో లోపమా? రాత్రి నిద్ర కూడా సరిగా పట్టలేదు.

పాత_ఎల్‌పీ
చెవి బాగుంది, ప్లేయరూ బాగుంది. తప్పు 1959 నాటిది.
ఆ మొదటి వైపు (సో వాట్, ఫ్రెడ్డీ ఫ్రీలోడర్, బ్లూ ఇన్ గ్రీన్) ఆ ఏడాది మార్చి 2న న్యూయార్క్ 30వ వీధిలో ఉన్న కొలంబియా స్టూడియోలో రికార్డు చేశారు. ఆ రోజు మాస్టర్ టేపు తీసిన మెషీన్ కాస్త నెమ్మదిగా తిరిగింది. అలా నెమ్మదిగా ఎక్కిన టేపును సరైన వేగంతో వినిపిస్తే పాట వేగమూ, శ్రుతీ రెండూ పెరుగుతాయి కదా. అర స్వరంలో దాదాపు సగం పెరిగింది. అందుకే నీకు రెండు స్వరాల మధ్య ఉన్నట్టు వినిపిస్తోంది. రెండో వైపు రికార్డు చేసింది ఏప్రిల్ 22న, ఆ రోజు మెషీన్ వేగం సరిగ్గా ఉంది.
1992లో వేరే మెషీన్ మీద తీసిన రెండో టేపు నుంచి సరిచేసిన సీడీ వచ్చింది. అంతవరకు ముప్ఫై ఏళ్లకు పైగా లోకమంతా నీలాగే విన్నది. మామయ్యగారిది అంతకుముందు ప్రెస్ చేసిన ఎల్‌పీ కాబట్టి జాగ్రత్తగా దాచుకో.

కొత్తబాస్_కిరణ్
ఎంత రిలీఫో చెప్పలేను! ఇంకో మాట. సో వాట్ మొదట్లో పాట ఎత్తుకునేది బాసే కదా. వెనక అట్ట మీద పాల్ చాంబర్స్ అన్న పేరు ఉంది. ఎక్కడ చదివినా మైల్స్, శాక్సఫోన్ వాయించిన కోల్‌ట్రేన్, పియానో వాయించిన బిల్ ఎవాన్స్ గురించే ఉంటోంది. ఈయన ఎవరు?

వాకింగ్_బాస్
ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారా అని ఎన్నాళ్లుగానో చూస్తున్నాను. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.
1935 ఏప్రిల్ 22న పిట్స్‌బర్గ్‌లో పుట్టాడు. (పైన రెండో వైపు రికార్డు చేసిన తేదీ చూడండి. ఆ రోజు ఆయనకు సరిగ్గా 24 ఏళ్లు నిండాయి.) తల్లి పోయాక డెట్రాయిట్ చేరాడు. ముందు బారిటోన్ హార్న్, తర్వాత ట్యూబా, రెండూ ఊదే ఇత్తడి వాయిద్యాలే. ఊరేగింపుల్లో ఆ ట్యూబా మోయడం కష్టంగా ఉండేదట. 1949 ప్రాంతంలో డబుల్ బాస్ (పెద్ద వయొలిన్ లాంటిది, నిలబెట్టి వాయిస్తారు) పట్టుకున్నాడు. డెట్రాయిట్ సింఫనీ ఆర్కెస్ట్రాలో వాయించే ఒక బాసిస్టు దగ్గర పద్ధతిగా నేర్చుకున్నాడు. శాక్సఫోన్ వాద్యకారుడు పాల్ క్వినిషెట్ బృందంతో కలిసి బయల్దేరి న్యూయార్క్ చేరాడు. 1955లో మైల్స్ డేవిస్ కొత్త క్వింటెట్ (ఐదుగురి బృందం) కట్టుకుంటూ ఇతన్ని తీసుకున్నాడు. అప్పటికి వయసు ఇరవై!
ఇక అక్కడి నుంచి 1963 దాకా మైల్స్ దగ్గరే. రెడ్ గార్లండ్ పియానో, ఫిలీ జో జోన్స్ డ్రమ్స్, చాంబర్స్ బాస్. ఈ ముగ్గురికీ ఎంత పేరొచ్చిందంటే, 1957 జనవరిలో శాక్సఫోన్ వాద్యకారుడు ఆర్ట్ పెప్పర్ లాస్ ఏంజెలెస్‌లో వీళ్లతో చేసిన రికార్డు పేరులో ముగ్గురి పేర్లూ లేవు, ఉత్త 'ద రిథమ్ సెక్షన్' అని ఉంది. ఏ రిథమ్ సెక్షన్ అని ఎవరూ అడగక్కర్లేదు.
మైల్స్ పనిలో ఉంటూనే మిగతా వాళ్లందరికీ వాయించాడు. సానీ రోలిన్స్ టెనర్ మ్యాడ్‌నెస్ (1956), కోల్‌ట్రేన్ బ్లూ ట్రెయిన్ (1957), సానీ క్లార్క్ కూల్ స్ట్రటిన్ (1958), కోల్‌ట్రేన్‌దే జెయింట్ స్టెప్స్ (1959), హ్యాంక్ మోబ్లీ సోల్ స్టేషన్ (1960). హార్డ్ బాప్‌లో ఇవి వినండి అని ఎవరు ఏ పది రికార్డులు చెప్పినా సగం వాటిలో అడుగున ఈయన ఉంటాడు.

రామ్‌నగర్_రవి
ట్యూబా బరువని వదిలేసి మనిషికన్నా ఎత్తున్న డబుల్ బాస్ పట్టుకున్నాడా! 😀

వాకింగ్_బాస్
@రామ్‌నగర్_రవి, దీన్ని కనీసం నేల మీద నిలబెట్టి వాయించవచ్చు కదండీ 😀

మామూలు_శ్రోత
నిజం చెప్పాలంటే జాజ్ వింటాను కానీ బాస్ వేరుగా ఎప్పుడూ వినిపించలేదు నాకు. ట్రంపెట్ వినిపిస్తుంది, పియానో వినిపిస్తుంది. అడుగున ఏదో ఉన్నట్టుంటుంది, అంతే. అసలు హార్డ్ బాప్ అంటే ఏమిటో కూడా ఎవరైనా తేలిగ్గా చెబుతారా?

లయ_సుబ్బారావు
ఫోన్ స్పీకర్‌లో వింటున్నారా? అందులో బాస్ రాదు. మంచి ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.
హార్డ్ బాప్ అంటే నాకు తెలిసినంతలో: నలభైల్లో చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ వాళ్ల బీబాప్ చాలా వేగం, చాలా మెలికలు. యాభైల నడుమ ఆర్ట్ బ్లేకీ, హొరేస్ సిల్వర్ లాంటివాళ్లు దానికి బ్లూస్‌నీ, నల్లజాతి వాళ్ల చర్చి పాటల ఊపునీ మళ్లీ జోడించారు. తల ఊపుతూ వినవచ్చు.
అందులో బాస్ పని 'నడవడం'. నాలుగు బీట్ల బార్ (మన తాళంలో ఆవృతం లాంటిది) అయితే బీటుకొక స్వరం, పాట మొదలైన దగ్గర్నుంచి చివరిదాకా. ఏడెనిమిది నిమిషాలు ఆగకుండా. ఆ స్వరాలు ముందుగా రాసి ఇచ్చినవి కావు, అక్కడికక్కడ ఎంచుకోవాలి. వచ్చే కార్డ్ (కలిపి పలికే స్వరాల గుంపు) ఏమిటో వినేవాళ్లకు ఒక అడుగు ముందే తెలిసిపోవాలి, అదే సమయంలో తాళం జారకూడదు. నేను నలభై ఏళ్లుగా తబలా వాయిస్తున్నాను. చాంబర్స్ నడక వింటే నాకు మంచి ఠేకా (తబలా మీద తాళాన్ని నిలబెట్టే మూల వాయింపు) గుర్తొస్తుంది. గాయకుడు ఎక్కడెక్కడికో వెళ్లొస్తాడు, ఠేకా ఇంట్లో దీపంలా ఉంటుంది.

మామూలు_శ్రోత
ఇయర్‌ఫోన్స్‌తో సో వాట్ విన్నాను. అయ్యో, ఇన్నాళ్లూ ఏం విన్నాను నేను! ఆయన ఒక మాట అడుగుతున్నట్టు, మిగతా అందరూ కలిసి 'అంతే' అంటున్నట్టు ఉంది.

డెట్రాయిట్_లక్ష్మి
మేము డెట్రాయిట్ పక్కన నోవైలో ఉంటాం. ఇక్కడ తెలుగువాళ్లు చాలామంది ఉన్నాం కానీ, ఊరంటే కార్ల కంపెనీలు, చలి అనుకుంటాం తప్ప సంగీతం గురించి మాట్లాడుకోం. చాంబర్స్ చదివిన క్యాస్ టెక్ హైస్కూలు డౌన్‌టౌన్‌లో ఉంది. పాత భవనం కూల్చేశారు, ఇప్పటిది పక్కనే కట్టిన కొత్తది. ప్రభుత్వ స్కూలే. అయినా పిల్లలకు ఆర్కెస్ట్రా వాయిద్యాలు గట్టిగా నేర్పేవారు. బాసిస్టులు రాన్ కార్టర్, డగ్ వాట్కిన్స్, ట్రంపెట్ వాయించే డొనాల్డ్ బర్డ్ అందరూ అక్కడివాళ్లే. జెయింట్ స్టెప్స్‌లో పియానో వాయించిన టామీ ఫ్లానగన్ కూడా ఈ ఊరివాడే.
మా అబ్బాయి స్కూల్ ఆర్కెస్ట్రాలో డబుల్ బాస్ వాయిస్తాడు. ఆడిటోరియంకి తీసుకెళ్లాలంటే కారు ముందు సీటు పూర్తిగా వాల్చి పడుకోబెట్టాలి. వాడు వెనక కూర్చుంటాడు, బాస్ ముందు కూర్చుంటుంది.

రామ్‌నగర్_రవి
పెద్దవాళ్లకి ముందు సీటు ఇవ్వడం మర్యాదే కదా అక్కా 😀

వయొలిన్_పద్మ
సో వాట్ గురించి ఒక మాట. అందులో మొదటి 16 బార్లు ఒకే స్వరక్రమం మీద ఉంటాయి. వాళ్లు దాన్ని డోరియన్ అంటారు. మన లెక్కలో చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. అంటే ఖరహరప్రియ! తర్వాత 8 బార్లు అదే క్రమం అర స్వరం పైకి జరుగుతుంది, చివరి 8 బార్లకు మళ్లీ దిగుతుంది. ఆధార షడ్జమమే జరుగుతోంది కాబట్టి మనకు మొదటిసారి వింత అనిపిస్తుంది. ఆ జరగడం ముందు చెవిన పడేది బాస్‌లోనే. కిరణ్ గారూ, ఎనిమిది బార్ల దగ్గర లెక్క తప్పకుండా చూసుకోండి, అందరూ తప్పేది అక్కడే.

గమకప్రియ
స్వరాలు అవే అయినంత మాత్రాన ఖరహరప్రియ అనకండి పద్మగారూ. గమకం లేని గాంధారం పెట్టుకుని అదే రాగం అంటే ఎలా ఒప్పుకుంటాం? రాగమంటే స్వరాల పట్టిక కాదు.

వయొలిన్_పద్మ
ఒప్పుకుంటున్నాను, స్వరస్థానాల వరకే నా పోలిక. కొత్తగా వినేవాళ్లకు పట్టు దొరుకుతుందని చెప్పాను.

గమకప్రియ
అలాగైతే సరే. నేనూ విన్నాను ఇప్పుడే. బాగుంది.

శాక్స్_శంకర్
అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి నా అభ్యంతరం కూడా చెబుతాను. వేలితో మీటినంతసేపు చాంబర్స్‌కి ఎదురులేదు. కానీ సోలో రాగానే కమాను తీసుకుంటాడు. అక్కడ నాకు ఇబ్బంది. గీరుతున్నట్టు ఉంటుంది, స్వరం కూడా అక్కడక్కడా పక్కకు పోతుంది. బ్లాక్‌హాక్ క్లబ్బులో 1961లో తీసిన మైల్స్ రికార్డుల్లో ఆ సోలోలు వచ్చినప్పుడు నేను ముందుకు జరిపేస్తాను.

వాకింగ్_బాస్
దయచేసి అలా జరిపేయకండి శంకర్ గారూ! ఆయన చేస్తున్నదేమిటో చూడండి. కమానుతో సాగదీసి మెల్లగా వాయించడం సింఫనీ వాళ్ల దారి. శాక్సఫోన్ వాయించే వేగమైన వరసల్ని కమానుతో డబుల్ బాస్ మీద పలికించడం ఈయన పని. అంతకుముందు స్లామ్ స్టువర్ట్ కమానుతో వాయిస్తూ గొంతు కలిపి పాడేవాడు, అది వేరే రుచి. 1957లో చాంబర్స్ సొంత పేరుతో చేసిన బాస్ ఆన్ టాప్‌లో యెస్టర్‌డేస్ అనే పాత పాట వినండి. కెన్నీ బరెల్ గిటార్, హ్యాంక్ జోన్స్ పియానో, ఆర్ట్ టేలర్ డ్రమ్స్. పాటంతా కమానే నడుపుతుంది. అది విన్నాక కూడా నచ్చకపోతే నేనింక ఏమీ అనను.

వయొలిన్_పద్మ
ఇక్కడ ఒక సంగతి. అప్పట్లో చాలామంది వాడింది జంతువుల పేగుతో చేసిన తీగలు, ఇప్పటిలా స్టీలు కాదు. మీటితే గుండ్రంగా, లోతుగా పలుకుతాయి కానీ కమానుకి ఆలస్యంగా స్పందిస్తాయి. డబుల్ బాస్ తీగ లావు కూడా, కమానుతో దాన్ని కదిలించడానికే బలం కావాలి. ఆ గీత శబ్దంలో కొంత ఆ తీగదే. నా వయొలిన్ మీద ఒక వేలి దూరంలో ఉండే స్వరం అక్కడ చెయ్యంతా జరిగితే గానీ అందదు. ఆ వేగంలో అన్నీ సరిగ్గా పడాలంటే మాటలు కాదు.

శాక్స్_శంకర్
యెస్టర్‌డేస్ విన్నాను. ఇది బాగుంది, ఒప్పుకుంటున్నాను. చాలా బాగుంది. కానీ వేగమైన కమాను సోలోల మీద నా అభిప్రాయం మారలేదు.

కొత్తబాస్_కిరణ్
1963 దాకా మైల్స్‌తో అన్నారు. తర్వాత?

వాకింగ్_బాస్
తర్వాతి కథ చెప్పాలంటే బాధగా ఉంటుంది.
మైల్స్ దగ్గర్నుంచి పియానిస్టు వింటన్ కెల్లీ, డ్రమ్మర్ జిమ్మీ కాబ్, చాంబర్స్ ముగ్గురూ బయటికొచ్చి ఒక ట్రియోగా వాయించారు. 1965లో గిటారిస్టు వెస్ మాంట్‌గోమరీతో కలిసి న్యూయార్క్ హాఫ్ నోట్ క్లబ్బులో వాయించినది వింటే, ఇది దిగజారుతున్న మనిషి వాయించింది అని ఎవరూ అనలేరు. అంత హుషారు. కానీ అప్పటికే తాగుడు, హెరాయిన్ రెండూ ఉన్నాయి. ఒంట్లో శక్తి పోయింది. 1968 ఏప్రిల్ 21న బాల్టిమోర్‌లో జో హెండర్సన్‌తో చేసిన కచేరీ రికార్డు తొంభైల్లో బయటికొచ్చింది. మర్నాడు ఆయనకు 33 నిండాయి. అదే ఆఖరి పుట్టినరోజు. 1969 జనవరి 4న న్యూయార్క్‌లో క్షయతో పోయాడు.

ప్రసాద్_టెనాలి
ఇదే నాకు నచ్చని విషయం. దేవుడు అంత విద్య ఇస్తే మత్తుమందులకు తగలేసుకున్నారు. ఒక్కడు కాదు, ఆ తరమంతా అంతే. మన పిల్లలకు వీళ్లని ఆదర్శంగా చూపించడం మంచిదా?

డెట్రాయిట్_లక్ష్మి
ప్రసాద్ గారూ, వాయిద్యం ఆదర్శం, అలవాటు కాదు. మా అబ్బాయికి రెండూ విడివిడిగానే చెప్పాను. చాంబర్స్ 33 ఏళ్లకే పోయాడని చెప్పినప్పుడు వాడు చాలాసేపు మాట్లాడలేదు. దాచిపెట్టి ఉంటే ఆ మాట వాడికి ఎలా తెలుస్తుంది?

ఊపిరితిత్తుల_డాక్టర్
నేను చెస్ట్ స్పెషలిస్టుని. క్షయ అనగానే అప్పట్లో మందు లేదేమో అనుకుంటారు. 1969 నాటికి మందులు ఉన్నాయి. స్ట్రెప్టోమైసిన్ నలభైల్లోనే వచ్చింది, ఐసోనియాజిడ్ 1952 నుంచి వాడుకలో ఉంది. ఇంటి దగ్గరే ఉండి మందులు వాడినా శానటోరియంలో (క్షయ ఆసుపత్రిలో) ఉన్నంత గుణం కనిపిస్తుందని మన మద్రాసులోనే 1959లో తేల్చారు. కానీ మందు పనిచేయాలంటే జబ్బు ముందుగా తెలియాలి, నెలల తరబడి మానకుండా వాడాలి. తాగుడు ఎక్కువైతే ఒంటి రోగనిరోధక శక్తి తగ్గుతుంది, తిండి సరిగా ఉండదు, దగ్గుని పట్టించుకోరు. ఇప్పటికీ నా దగ్గరికి అలాంటివాళ్లు వస్తారు. కొందరు ఆలస్యంగా వస్తారు. వాళ్లను తగలేసుకున్నారు అని నేను అనలేను ప్రసాద్ గారూ.

లయ_సుబ్బారావు
డాక్టరుగారి మాట చదివాక గుర్తొచ్చింది. జాజ్‌లో బాస్‌ను సోలో వాయిద్యంగా నిలబెట్టిన జిమ్మీ బ్లాంటన్, డ్యూక్ ఎల్లింగ్టన్ బృందంలో ఉండేవాడు, 1942లో 23 ఏళ్లకే పోయాడు. క్షయే. చాంబర్స్‌కి ముందు వరసలో నడిచినవాడు ఆయనే.

పాత_ఎల్‌పీ
ప్రసాద్ గారి మాటకు ఇంకో వైపు ఉంది. ఇలాంటి రికార్డుల్లో పక్కన వాయించేవాళ్లకు మామూలుగా ఆ రోజు సెషన్‌కి ఇచ్చిన డబ్బే, తర్వాత ఎన్ని అమ్ముడైనా వాటా ఉండదు. కైండ్ ఆఫ్ బ్లూ అమెరికాలోనే 50 లక్షలు దాటినట్టు 2019లో ధ్రువీకరించారు. ఇక రాత్రి క్లబ్బుల్లో వాయించాలంటే న్యూయార్క్‌లో 1967 దాకా పోలీసులిచ్చే క్యాబరే కార్డు ఉండాలి. మత్తుమందు కేసులో దొరికితే కార్డు పోయేది, దాంతో ఊళ్లో పనీ పోయేది. జబ్బుకి వైద్యం కావాల్సిన మనిషికి పని తీసేస్తే ఏమవుతాడు? దానికి తోడు అరవైల్లో రాక్ వచ్చి జాజ్ క్లబ్బులు తగ్గిపోయాయి.

ప్రసాద్_టెనాలి
కార్డు సంగతి నాకు తెలియదు. నేను అన్న 'తగలేసుకున్నారు' అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. పిల్లల విషయంలో భయం మాత్రం అలాగే ఉంది.

మామూలు_శ్రోత
తోటివాళ్లు అప్పుడే గుర్తించారా ఆయన్ని? లేక పోయాక పొగుడుతున్నామా?

వాకింగ్_బాస్
బతికుండగానే! జెయింట్ స్టెప్స్‌లో చివరి పాట మిస్టర్ పీ.సీ., అంటే పాల్ చాంబర్సే. కోల్‌ట్రేన్ రాసిన సీ మైనర్ బ్లూస్, 12 బార్లు, ఊపిరి తీసుకోనివ్వని వేగం. ఆ పాటలో బాస్ వాయించింది కూడా ఆయనే. తన పేరు మీద రాసిన పాటని తనే మోశాడు! రోలిన్స్ 'పాల్స్ పాల్' అనే పాట రాశాడు, ఫ్లానగన్ 'బిగ్ పాల్' రాశాడు. వాటిలోనూ బాస్ ఈయనదే. ఇరవై నాలుగేళ్ల వయసుకే తోటివాళ్లు ఇన్ని పాటలు రాసిన బాసిస్టు ఇంకొకరు నాకు తెలియదు.

డెట్రాయిట్_లక్ష్మి
డగ్ వాట్కిన్స్ పేరు పైన చెప్పాను. చాంబర్స్‌కి బంధువు. రోలిన్స్ రికార్డు 'శాక్సఫోన్ కొలోసస్'లో బాస్ ఆయనే. 1962లో అరిజోనాలో కారు ప్రమాదంలో పోయాడు, 27 ఏళ్లు. ఒకే ఊరు, ఒకే స్కూలు, ఒకే కుటుంబం. తలుచుకుంటే ఎలాగో ఉంటుంది.
ఆ స్కూలు బాసిస్టుల్లో మూడోవాడు రాన్ కార్టర్. ముందు చెల్లో వాయించేవాడు, క్యాస్ టెక్‌లోనే బాస్‌కి మారాడు. నల్లజాతివాళ్లకు సింఫనీల్లో దాదాపు చోటు లేని రోజులవి. సింఫనీలు తలుపు తీసి ఉంటే ఆయన జాజ్‌కి వచ్చేవాడో లేదో. 1963లో మైల్స్ దగ్గర చాంబర్స్ ఖాళీ చేసిన చోటికి వెళ్లింది ఆయనే. 2015 నాటికి 2,221 రికార్డింగులతో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కాడు.

శాక్స్_శంకర్
ఆయుష్షు ఉండి ఉంటే చాంబర్స్‌వి ఎన్ని అయ్యేవో.

గమకప్రియ
నా చెవి బాస్‌కి అలవాటుపడింది ఇళయరాజా పాటల వల్ల. బాస్ గిటార్ వెనక ఇంకో పాట పాడుతున్నట్టు ఉండేది. ఇప్పుడు సోల్ స్టేషన్ వింటుంటే అదే పద్ధతిలో వెతుక్కుంటున్నాను. ఒకసారి పట్టుకుంటే ఇక శాక్సఫోన్ మీదకి మనసు పోవట్లేదు.

కొత్తబాస్_కిరణ్
పది రోజుల తర్వాత రాస్తున్నాను. సరిచేసిన సీడీ ఒక స్నేహితుడి దగ్గర దొరికింది. శ్రుతి కలిసింది! సో వాట్ మొదటి 16 బార్లు ఆయనతో పాటు వాయించాను. పద్మగారు చెప్పినట్టే పైకి జరిగే చోట మూడుసార్లు తప్పాను, నాలుగోసారి కుదిరింది. ఒక పని చేసి చూశాను. హెడ్‌ఫోన్స్‌లో బాస్ వినిపించకుండా ఈక్వలైజర్‌లో అడుగు భాగం పూర్తిగా తగ్గించి విన్నాను. మైల్స్ సోలో అదే, ఒక్క స్వరం మారలేదు. కానీ నిలబడటానికి చోటు లేనట్టు అయిపోయింది. అది మామయ్యకి కూడా వినిపించాను. ఆయన ఏమీ అనలేదు, బాస్ మళ్లీ పెంచమన్నాడు.
తర్వాత ఏది వాయించమంటారు? మిస్టర్ పీ.సీ. మొదలుపెట్టనా?

వాకింగ్_బాస్
అప్పుడే వద్దు, వేళ్లు నొప్పెడతాయి. కూల్ స్ట్రటిన్ టైటిల్ పాట తీసుకోండి. మెల్లగా ఉంటుంది, ప్రతి అడుగూ స్పష్టంగా వినిపిస్తుంది. ముందు వాయించకుండా పదిసార్లు వినండి.

లయ_సుబ్బారావు
వింటూ కాలితో తాళం వేయండి. రెండో బీటు, నాలుగో బీటు మీద.